వ్యాపనం ప్రాక్టికల్: రంగు అణువుల లెక్క ఎక్కడ తప్పుతోంది?

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు ప్రాజెక్టుకు ఎంచుకోదగ్గ మంచి టాపిక్ ఇది. సేంద్రియ అణువులు వేర్వేరు ద్రావణుల్లో (కరిగించే ద్రవాల్లో) వాటంతట అవి ఎంత వేగంగా పాకుతాయో, అంటే వ్యాపనం ఎంత వేగమో చూడటానికి ట్యూబు, రంగు, స్కేలు చాలు. అయితే లెక్క తప్పడం కూడా అంతే తేలిక.

సమస్య: రంగు గంటలోనే ట్యూబంతా పాకిపోయింది

ఇది వ్యాపనం కాదు. 25 డిగ్రీల నీటిలో పంచదార వ్యాపన గుణకం (ఎంత చురుగ్గా పాకుతుందో చెప్పే అంకె) సెకనుకు సుమారు 5.2 × 10⁻¹⁰ చదరపు మీటర్లు. దూరం వర్గం = 2 × గుణకం × కాలం అని వేస్తే, సెంటీమీటరు దాటడానికి దాదాపు 27 గంటలు వస్తుంది. అణువులు అంత నిదానంగా కదులుతాయి. మన జిల్లా రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఆగకుండా తిరిగేది కూడా అందుకే. పంచదార కంటే ఎంతో చురుకైన ఆక్సిజన్ సైతం కదలని నీటిలో మీటరు లోతుకు తనంతట తాను చేరాలంటే ఏళ్లు పడుతుంది.

కారణం: ద్రవమే కదులుతోంది. కిటికీ ఎండ ఒక పక్కే పడినా, ఫ్యాన్ గాలికి బల్ల అదిరినా, బరువైన ద్రావణాన్ని పైన పోసినా సంవహనం, అంటే ద్రవం తానే ప్రవహించి రంగును మోసుకుపోవడం, మొదలవుతుంది.

ముందు ఒక పరీక్ష చేయండి. రంగు అంచు మొదటి గంటలో 3 మిల్లీమీటర్లు జరిగితే, పై సూత్రం ప్రకారం నాలుగు గంటలు గడిచేసరికి మొత్తం 6 దగ్గర ఉండాలి. 12 ఉందంటే ద్రవం ప్రవహిస్తున్నట్టే. అప్పుడు నీటిలో అర శాతం నుంచి ఒక శాతం అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే, జెల్‌గా మారే పొడి) కలిపి గడ్డకట్టించి, దానిపైన రంగు ద్రావణం పోయండి. చిన్న అణువులను ఈ జెల్ పెద్దగా అడ్డుకోదు, సంవహనాన్ని మాత్రం ఆపేస్తుంది. నా దృష్టిలో ఈ ప్రాక్టికల్‌కు ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

సమస్య: అగర్‌లో మిథిలీన్ బ్లూ పైపొరలోనే నిలిచిపోయింది

మిథిలీన్ బ్లూకు ధనావేశం ఉంటుంది, అగర్‌లో కొద్దిగా ఉండే సల్ఫేట్ సమూహాలకు రుణావేశం. అణువులు వాటికి అతుక్కుని ముందుకు పోవు. రుణావేశం ఉన్న టార్ట్రజిన్ వాడండి, ఈ బెడద తప్పుతుంది. మిఠాయిల్లో వేసే పసుపు రంగు అదే.

సమస్య: పుస్తకంలోని విలువ కంటే బాగా ఎక్కువ వస్తోంది

మే నెలలో చేశారా? పుస్తకాల్లో ఎక్కువగా 25 డిగ్రీల విలువలే ఉంటాయి. మన ల్యాబులో అప్పుడు 40 దాకా ఉండొచ్చు. ఆ తేడాకు నీటి స్నిగ్ధత (చిక్కదనం) 0.89 నుంచి 0.65 మిల్లీపాస్కల్ సెకన్లకు పడిపోతుంది, వ్యాపన గుణకం 40 శాతం పైగా పెరుగుతుంది. టెన్షన్ పడి అంకెలు దిద్దకండి. ట్యూబును నీటి తొట్టిలో నిలబెట్టి, థర్మామీటర్ పెట్టి, ఆ ఉష్ణోగ్రతనే రికార్డులో రాయండి.

సమస్య: గ్లిజరిన్‌లో రోజుకో ఫలితం

గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలి వీచే మన ఊళ్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. 20 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన గ్లిజరిన్ స్నిగ్ధత సుమారు 1,410 మిల్లీపాస్కల్ సెకన్లు. పదో వంతు నీరు చేరితే 220 దగ్గరికి దిగిపోతుంది. సీసా మూత, ట్యూబు కార్కు బిగించి ఉంచండి. స్నిగ్ధతను ప్రయోగం చేసిన రోజే, అదే సీసాలోంచి తీసి కొలవండి.

ఇంత చేసినా, స్నిగ్ధత, అణువు సైజుల నుంచి వ్యాపన గుణకాన్ని లెక్కగట్టే స్టోక్స్-ఐన్‌స్టీన్ సూత్రం చెప్పే దానికంటే అణువులు వేగంగానే కదిలితే, తప్పు మీది కాకపోవచ్చు. ద్రావణి అణువులతో పోలిస్తే ద్రావితం (కరిగిన పదార్థం) అణువు బాగా పెద్దదైనప్పుడే ఆ సూత్రం చక్కగా పనిచేస్తుంది. చిక్కటి ద్రవంలో చిన్న అణువులు దాని అంచనాను దాటిపోతాయి.

సమస్య: టోలీన్‌లో బెంజాయిక్ ఆమ్లం అనుకున్న దానికంటే నెమ్మది

అక్కడ రెండేసి అణువులు హైడ్రోజన్ బంధాలతో జతకట్టి తిరుగుతాయి. లెక్కలో ఒంటరి అణువు సైజు కాకుండా జంట సైజు వేయండి.

సమస్య: స్పిరిట్, అసిటోన్‌లలో రంగు అంచు అసలు నిలవడం లేదు

పై నుంచి ఆవిరైన కొద్దీ ఉపరితలం చల్లబడి, ఆ బరువైన పొర కిందికి దిగుతుంది. గట్టిగా మూత పెట్టండి. అసిటోన్‌లో అగర్ గడ్డకట్టదు కనుక, సన్నటి కేశనాళికలో (వెంట్రుకంత సన్నటి రంధ్రం ఉన్న గాజు గొట్టంలో) చేయడమే మార్గం.