మలుపులో టిక్ టిక్: యాక్సిల్ మార్చే ముందు చక్రం వెనక్కి చూడండి

మలుపు తిప్పితే కారు ముందు చక్రం దగ్గర టిక్ టిక్ మంటోందని మా షెడ్డుకి వచ్చేవాళ్లలో చాలామంది ఒక్కసారి కూడా వంగి చక్రం వెనక్కి చూసి ఉండరు. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పండి, ఇంజిన్ ఆపండి, ఫోన్ లైటు వేసి చూడండి. చక్రం బిగించే హబ్ వెనకాల మడతలు మడతలుగా నల్ల రబ్బరు బూట్ (తొడుగు) ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి చక్రానికి శక్తి తెచ్చే కడ్డీ యాక్సిల్. చక్రం పక్కకి తిరిగినా దాన్ని తిప్పగలిగేలా యాక్సిల్ కొనకుండే సీవీ జాయింట్‌నీ, అందులోని గ్రీజునీ ఈ బూటే కాపాడుతుంది. బూట్‌లో చీలిక చాలావరకు మడత అడుగునే దాక్కుంటుంది. స్టీరింగ్ నిటారుగా ఉంటే మూసుకుపోయి కనబడదు, అందుకే తిప్పమంటున్నాను. రిమ్ము లోపలివైపు నల్ల గ్రీజు చిమ్మి ఉందంటే ఇక వెతకక్కర్లేదు.

బూట్ చీలింది, శబ్దం ఇంకా రాలేదు అంటే మీరు అదృష్టవంతులు. జాయింట్ విప్పి పాత గ్రీజు కడిగేసి, సీవీ జాయింట్‌కి వేసే మోలీ (మాలిబ్డినం కలిసిన) గ్రీజు నింపి, కొత్త బూట్, క్లిప్పులు వేస్తే సరి. చేతికందిన వీల్ బేరింగ్ గ్రీజు కుక్కకండి. శబ్దం మొదలయ్యాక మాత్రం బూట్ ఒక్కటే మార్చడం దండగ. అప్పటికే జాయింట్ లోపలి బంతులూ, అవి తిరిగే గాడులూ అరిగిపోయి ఉంటాయి. జాయింటో, యాక్సిల్ మొత్తమో మార్చాల్సిందే. రుషికొండ, భీమిలి వైపు రోజూ తిరిగే బండికి ఇసుకా ఉప్పుగాలీ తోడు. చీలిన బూట్‌తో ఈ వానాకాలం గడిపేద్దాం అనుకోకండి.

మలుపులో ఏమీ లేదు గానీ, సింహాచలం ఘాట్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే బండి వణుకుతోంది, కాలు తీస్తే ఆగిపోతోంది అంటే అనుమానం గేర్‌బాక్స్ వైపుండే లోపలి జాయింట్ మీద. దీనికి మూడుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించుకుని వచ్చినవాళ్లున్నారు. బ్యాలెన్సింగ్ వణుకు కాలు తీసినంత మాత్రాన పోదు.

ఇప్పుడు నన్ను ఏడిపించిన సంగతి. మద్దిలపాలెం నుంచి ఒకాయన కారు తెచ్చారు. బండి కదిలేటప్పుడు టక్ మంటోంది. యాక్సిల్ మార్చాను. వారానికి మళ్లీ వచ్చారు: "ఏటండీ, మొన్నే కదా మార్చారు!" సామాను నాసిరకమని ఇంకోటి వేశాను. మళ్లీ అదే టక్. అప్పుడు గానీ కుదురుగా కూర్చుని వినలేదు. రివర్స్ నుంచి ఫస్ట్‌కి వస్తే ఒక్క టక్, తర్వాత నిశ్శబ్దం. మళ్లీ దిశ మారిస్తేనే ఇంకోటి. చక్రం వైపుండే బయటి జాయింట్ అరిగితే సాధారణంగా అలా చేయదు. తిప్పుతున్నంతసేపూ చక్రంతోపాటే కొడుతుంది, వేగం పెరిగితే శబ్దమూ జోరందుకుంటుంది.

చక్రం మధ్యలో యాక్సిల్ కొనని బిగించే హబ్ నట్ విప్పి యాక్సిల్‌ని అర అంగుళం లోపలికి నెట్టి చూశాను. జాయింట్ భుజం హబ్ బేరింగ్‌కి ఆనుకునే చోట చుట్టూ ఎర్రటి తుప్పు పొడి, మధ్యమధ్య కొత్త రూపాయి బిళ్లలా మెరిసే రాపిడి మచ్చలు. రెండుసార్లూ పాత నట్టే, బిగువు కొలవకుండా ఇంపాక్ట్ గన్‌తో బిగించేశాను మరి! పట్టు చాలక ఆ రెండు ముఖాలూ ఒకదానిమీద ఒకటి జారుతూ టక్ మంటున్నాయి.

మందు చవకే. వైరు బ్రష్‌తో తుప్పు గీకి తుడవండి. ఆ ముఖం మీద పల్చగా గ్రీజు రాయండి, నట్ ఎక్కే మరచుట్ల (థ్రెడ్ల) మీద మాత్రం వద్దు. కొత్త నట్ వేసి, మీ కారు మాన్యువల్‌లో ఇచ్చిన అంకెకి, బిగువు కొలిచే టార్క్ రెంచితోనే బిగించండి. అంచు నొక్కి లాక్ చేసే రకం నట్ అయితే ఆ అంచుని యాక్సిల్ మీది గాడిలోకి నొక్కడం మరవకండి. నట్ వదులుగా ఉండగా కారు బరువు ఆ చక్రం మీద పడకూడదు, బండిని అంగుళం కూడా జరపకూడదు. బేరింగ్ పోతుంది.

బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పితేనే శబ్దం వస్తే అది యాక్సిల్ గొడవ కాదు, స్ట్రట్ (ముందు షాక్‌అబ్జార్బర్) పైబేరింగో, చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింటో చూపించండి. యాక్సిల్ వంగిపోవడం గట్టి దెబ్బ తగిలిన బళ్లలోనే చూశాను.

యాక్సిల్ ఊడదీసినప్పుడు గేర్ ఆయిల్ కొంత కారిపోతుంది, మట్టం చూసి నింపించండి. మర్నాడు పొద్దున బండి కింద గేర్‌బాక్స్ పక్కన చుక్కలు కనబడితే, యాక్సిల్ లోపలికి దూర్చేటప్పుడు ఆయిల్ సీల్ అంచు తెగి ఉండొచ్చు. చేసినవాడి దగ్గరికే తీసుకెళ్లండి.