ఉమర్ షరీఫ్ నాటకాల వీడియో క్యాసెట్లు బూజు పట్టిపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం ఎలా

కరాచీ హాస్యనటుడు ఉమర్ షరీఫ్ 2021 అక్టోబరు 2న జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో కన్నుమూశారు. గుండె చికిత్స కోసం ఎయిర్ అంబులెన్స్‌లో అమెరికా తీసుకెళ్తుంటే దారిలో ఒంట్లో బాగోక అక్కడ ఆసుపత్రిలో చేర్చారు. కరాచీలో అబ్దుల్లా షా ఘాజీ దర్గా దగ్గరి శ్మశానంలో ఖననం చేశారు. ఆ కబురు విని కోనసీమలో, నరసాపురం, పాలకొల్లు వైపు గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్ల మనసు కలుక్కుమంది. ఆంధ్రావాళ్లు, మలయాళీలు, పాకిస్తానీలు పక్కపక్క రూముల్లో బతికిన రోజుల్లో శుక్రవారం సెలవంటే ఆయన నాటకం చూడాల్సిందే. 'బక్రా కిస్తోం పే' (1989)లో ఆయన, తోటి హాస్యనటుడు మొయిన్ అఖ్తర్ ఎదురెదురు నిలబడ్డారంటే ఉర్దూ సగం తెలిసినవాళ్లు కూడా పూర్తిగా నవ్వేవారు. మొయిన్ అఖ్తర్ అంతకు పదేళ్ల ముందే, 2011 ఏప్రిల్ 22న పోయారు.

సెలవుకొస్తూ డెక్కు (వీసీఆర్)తోపాటు తెచ్చిన ఆ క్యాసెట్లు ఇంకా కొన్ని ఇళ్లలో అటక మీదో, బీరువా అడుగునో పడున్నాయి. నాటకం ఇంటర్నెట్లో దొరుకుతుంది కదా అనుకోవచ్చు. అక్కడ తిరిగేవాటిలో చాలావరకు ముక్కలే. జోకు ఉంటుంది కానీ, దాని ముందు ఆయన ఆగిన ఆ రెండు క్షణాలు ఉండవు, తర్వాత హాలంతా నవ్విన నవ్వు ఉండదు. స్టేజీ మీద అప్పటికప్పుడు అల్లి చెప్పే మనిషి కాబట్టి ఆయనకి ఆ నవ్వే తాళం. అందుకే మీ దగ్గరున్న పూర్తి క్యాసెట్టుకి విలువ.

ముందు తడి సంగతి

డెల్టాలో క్యాసెట్టుకి మొదటి శత్రువు చెమ్మ. వానాకాలంలోనూ, అక్టోబరు, నవంబరు తుపానుల్లోనూ ఈ పనికి దిగకండి. సంక్రాంతి దాటాక, ఉగాది లోపు అనువైన కాలం.

క్యాసెట్టుని కిటికీ దగ్గర పట్టుకుని, పైనున్న గాజులాంటి గడిలోంచి రీలు చుట్ట అంచు చూడండి. నల్లగా నున్నగా మెరుస్తుంటే బాగున్నట్టే. తెల్లటి చుక్కలు, దారాల్లాంటి మచ్చలు, బూడిద చల్లినట్టు పొర కనిపిస్తే బూజు. దాన్ని డెక్కులో పెట్టారంటే ఆ బూజు టేపుని చదివే హెడ్లకి అంటుకుని బొమ్మ మాయమవుతుంది. అంతటితో ఆగదు, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకీ పాకుతుంది. అనుమానంగా ఉన్నవాటిని వెంటనే వేరు చేయండి.

బూజు తడిగా ఉన్నప్పుడు తుడిస్తే రీలంతా పులుముకుంటుంది. ముందు ఎండాలి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పది క్యాసెట్లకి పావు కిలో సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) పెట్టి రెండు మూడు వారాలు వదిలేయండి. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేసి, చల్లారాక మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, తౌడు దుమ్ము రీలు మీదికి చేరుతుంది. ఎండలో కూడా వద్దు, క్యాసెట్టు ప్లాస్టిక్ డొక్కు వంకరపోతుంది, రీలు సాగుతుంది.

విప్పి తుడవడం

వాకిట్లోనో డాబా మీదో చేయండి, ఇంట్లో వద్దు. ఎన్95 మాస్కు, చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

క్యాసెట్టుని బోర్లా పెడితే అడుగున ఐదు స్క్రూలుంటాయి, ప్లస్ స్క్రూడ్రైవరు చాలు. స్క్రూలు తీశాక అలాగే పట్టుకుని వెల్లకిలా తిప్పి, పై మూతని నెమ్మదిగా ఎత్తండి. బోర్లా ఉండగానే తెరిస్తే లోపలి చిన్న రోలర్లు, స్ప్రింగులు రాలిపోతాయి. మూత తీయగానే ఫోనులో ఫొటో తీసుకోండి. రీలు ఏ రోలరు వెనక నుంచి వెళ్లిందో తిరిగి బిగించేటప్పుడు గుర్తుండదు.

మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు తీసుకోండి. మందుల షాపు స్పిరిట్టులో, శానిటైజరులో నీళ్లు కలిసి ఉంటాయి, అవి పనికిరావు. నూగు రాలని కళ్లద్దాల గుడ్డని కొద్దిగా తడిపి, చుట్ట పై అంచుని మధ్య నుంచి బయటికి తుడవండి. ఒక్కసారి తుడవగానే గుడ్డ మడత మార్చాలి. తర్వాత రీలుని చేత్తో నెమ్మదిగా ఒక చుట్ట నుంచి రెండో చుట్టకి తిప్పుతూ, మధ్యలో మడిచిన గుడ్డ నుంచి పోనివ్వండి. గుడ్డని గట్టిగా నొక్కొద్దు. డొక్కు మరీ పాడైతే పనికిరాని సినిమా క్యాసెట్టు డొక్కులోకి ఈ రెండు చుట్టలూ మార్చేయొచ్చు.

రీలు తెగి ఉంటే సెల్లో టేపు వేయకండి. దాని జిగురు హెడ్డుకి అంటుకుంటుంది. అతుకు టేపు అని విడిగా దొరుకుతుంది, దాన్ని రీలు లోపలి వైపు మాత్రమే అంటించాలి. డెక్కు హెడ్డుకి తగిలేది బయటి వైపు. అతుకు వచ్చేలోపు డెక్కు ఆపేసి, అతుకు దాటాక మళ్లీ మొదలుపెట్టడం ఇంకా మేలు.

గోదావరి వరదలో మునిగి బురద పట్టిన క్యాసెట్టు సంగతి వేరు. దాన్ని ఇంట్లో ముట్టుకోకుండా, టేపులు బాగుచేసే వాళ్లకి ఇవ్వండి.

డెక్కు

కొత్త డెక్కులు ఇక రావు. తయారుచేస్తున్న చివరి కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. కాబట్టి పాతదే బాగుచేసుకోవాలి. గల్ఫ్ నుంచి తెచ్చిన మల్టీసిస్టమ్ డెక్కు, అంటే వేర్వేరు దేశాల టీవీ పద్ధతుల టేపులు ఆడించేది, మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో ఉంటే అదే అన్నిటికన్నా మంచిది. కారణం ఉంది. టీవీ రంగుల బొమ్మకి దుబాయ్, కువైట్, పాకిస్తాన్ మన లాగే పాల్ పద్ధతి. సౌదీలో అప్పట్లో సెకామ్ అనే వేరే పద్ధతి. సౌదీలో టీవీ నుంచి ఎక్కించిన క్యాసెట్టు మామూలు పాల్ డెక్కులో బ్లాక్ అండ్ వైట్‌లో వస్తుంది. రంగు పోయిందని పారేయకండి, మల్టీసిస్టమ్ డెక్కులో మీసెకామ్ (అలాంటి సెకామ్ టేపుల సెట్టింగు) పెట్టి చూడండి. లేబులు మీద ఈ-180 అని ఉంటే పాల్ దేశాల టేపు, మూడు గంటలు. టీ-120 అని ఉంటే అమెరికా వైపు టేపు.

హెడ్డు తుడిచేటప్పుడు చాలామంది దూది పుల్ల వాడి హెడ్డు విరగ్గొడతారు. గుండ్రటి డ్రమ్ము మీద హెడ్డు మొన గోరంత కూడా ఉండదు, దూది పోగు దాన్ని పట్టి లాగేస్తుంది. తెల్ల కాగితం ముక్కని ఆల్కహాలుతో తడిపి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకోండి, రెండో చేత్తో డ్రమ్ముని పైనుంచి తిప్పండి. కాగితాన్ని కిందికీ పైకీ ఎప్పుడూ రుద్దొద్దు. పక్కనున్న ఆడియో హెడ్డుకీ, రబ్బరు రోలరుకీ దూది పుల్ల వాడినా ఫరవాలేదు.

ఏసీ గదిలోంచి డెక్కు బయటికి తెస్తే లోపల నీరు పడుతుంది. రెండు గంటలు ఆగి ఆన్ చేయండి. క్యాసెట్టుని ఒకసారి చివరిదాకా ఫార్వర్డు, మళ్లీ రివైండు చేశాకే ప్లే నొక్కండి. కీచుమని చప్పుడొస్తే వెంటనే ఆపాలి.

కంప్యూటర్లోకి

డెక్కు వెనక పసుపు పిన్ను బొమ్మది, తెలుపు, ఎరుపు శబ్దానివి. అవి క్యాప్చర్ స్టిక్కుకి (డెక్కు బొమ్మని కంప్యూటరుకి అందించే చిన్న పరికరం), అది కంప్యూటరుకి. ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో అనే రికార్డింగు సాఫ్ట్‌వేరులో పాల్ బీ ఎంచుకుని 720×576 పెట్టండి. డీఇంటర్లేసింగ్ (బొమ్మ మీది అడ్డగీతలు తీసేది) యాడిఫ్ 2ఎక్స్, సెకనుకి 50 ఫ్రేములు, అవుట్‌పుట్ 768×576. ఇలా కాకుండా వెడల్పు తెర నిండా సాగదీస్తే ఉమర్ షరీఫ్ ముఖం సొరకాయలా కాదు, గుమ్మడికాయలా అవుతుంది. బిట్‌రేటు 8 ఎంబీపీఎస్ చాలు, మూడు గంటలకి దాదాపు 11 జీబీ పడుతుంది.

రికార్డింగు ఎంకేవీ రకం వీడియో ఫైలుగా పెట్టండి. మధ్యలో కరెంటు పోతే మామూలు ఎంపీ4 ఫైలు మొత్తం పోతుంది, ఎంకేవీలో అప్పటిదాకా ఎక్కింది మిగులుతుంది. అయ్యాక ఓబీఎస్‌లోనే రీమక్స్ చేసి ఎంపీ4గా మార్చుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు క్యాసెట్టుని లాగకండి, రీలు డ్రమ్ముకి చుట్టుకుని ఉంటుంది. కరెంటు వచ్చాకే ఎజెక్టు.

కాపీకి కాపీ తీసిన క్యాసెట్లలో తెర పైభాగం వంగుతుంది, గంట గడిచేసరికి పెదవులకీ మాటకీ పొత్తు కుదరదు. గంటకొక ఫైలుగా ఎక్కిస్తే తేడా పేరుకోదు. శబ్దం బరబరమంటుంటే డెక్కు ఆడియోని హైఫై నుంచి నార్మల్‌కి మార్చండి.

ఇక శబ్దం శుభ్రం చేసే సాఫ్ట్‌వేరు దగ్గర చేయి అదుపులో పెట్టుకోవాలి. చప్పట్లూ నవ్వులూ దానికి రొదలాగే వినిపిస్తాయి. గట్టిగా వాడితే హాలు నవ్వు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది, ఆయన టైమింగు చచ్చిపోతుంది. 50 హెర్ట్జ్ దగ్గరి కరెంటు గుయ్‌మనే చప్పుడు మాత్రం తగ్గించి ఆపేయండి. ఖాళీగా అనిపించే చోట్లు కత్తిరించకండి.

నాటకం అయిపోగానే స్టాపు నొక్కొద్దు. ఈ-180 మీద మిగిలిన టేపులో గృహప్రవేశమో, గల్ఫు నుంచి ఇంటికి పంపిన పలకరింపో ఉండొచ్చు. చివరిదాకా తిరగనివ్వండి.

నలుగురితో చూడాలంటే

ఆయన పోయిన రోజు గాంధీ జయంతి, అందరికీ సెలవే కాబట్టి ఆ రోజు అందరూ కలిసి చూడొచ్చు. పిల్లలకి ఉర్దూ రాదు కాబట్టి సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో తెలుగు అక్షరాలు వేయండి, తెలుగు అక్షరాలు చెడకుండా ఫైలు యూటీఎఫ్-8లో భద్రపరచండి. తెర మీద రెండు వరుసలు మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రశ్ననీ కొసమెరుపునీ ఒకే సబ్‌టైటిల్లో పెట్టొద్దు. ఆయన నోరు తెరవకముందే పిల్లలు చదివేసి నవ్వేస్తారు, అసలు మాట వచ్చేసరికి హాలు చల్లబడిపోతుంది. విడగొట్టి, కొసమాటని ఆయన పలికిన క్షణానికే రానివ్వండి. అనువాదానికి లొంగని శ్లేష వస్తే ఆ భావానికి దగ్గరి గోదావరి మాట వేయండి, వివరణ రాయొద్దు.

టీవీకి పెట్టే పెండ్రైవు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ మించిన ఫైలు ఎక్కదు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి. పాత టీవీ దాన్ని చదవకపోతే నాటకాన్ని 3.5 జీబీ ముక్కలుగా విడగొట్టాలి, అంకం మారే చోటే విడగొట్టండి. నాటకం హక్కులు వేరేవాళ్లవి కాబట్టి ఇంట్లో చూసుకోండి, నెట్లో పెట్టకండి. అసలు ఎంకేవీ ఫైళ్లు రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. ఒక ఇల్లు లంకలో ఉంటే రెండోది ఏటిగట్టుకి ఇవతల ఉండేలా చూసుకోండి.