ఇంటి సంపాదనపరుడు పోయాక ఆ కుటుంబానికి గవర్నమెంట్ నుంచి రావాల్సిన డబ్బులు ఎలా అడిగి తెచ్చుకోవాలి

ఇది ఎవరికీ అవసరం పడకూడదనే నా కోరిక, కానీ అవసరం పడినప్పుడు ఆ ఇంట్లో వాళ్ళకి ఇవన్నీ వెతుక్కునే ఓపిక ఉండదు కాబట్టి ముందే చదివి పెట్టుకోండి, లేదా చుట్టాల్లో ఎవరికైనా అయితే మీరే దగ్గరుండి చేయించండి. ఈ డబ్బుల్లో చాలావరకు వాటంతట అవి రావు, అడిగినోళ్ళకే వస్తాయి, నీకు ఇంత రావాలమ్మా అని ఇంటికొచ్చి చెప్పేవాళ్ళు దాదాపు ఉండరు.

ముందు డెత్ సర్టిఫికెట్. 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే లేట్ ఫీజు ఉండదు, ఊళ్ళో అయితే పంచాయతీ సెక్రటరీ దగ్గర, టౌన్ లో అయితే మున్సిపాలిటీలో. హాస్పిటల్ లో పోతే వాళ్ళే రిపోర్ట్ పంపాలి, కానీ పంపారో లేదో మీరు కనుక్కోండి. పేరు మాత్రం ఆధార్ లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి, ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకే బ్యాంకులో నెలలు నెలలు ఫైల్ ఆగిపోతుంది. నాలుగైదు కాపీలు తీసి పెట్టుకోండి. దాంతోపాటు మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కి అప్లై చేయండి, ఎమ్మార్వో ఆఫీస్ నుంచి ఎంక్వైరీకి వస్తారు, టైమ్ పడుతుంది కాబట్టి పెద్దకర్మ అయ్యేదాకా ఆగొద్దు.

ఇప్పుడు అసలు పని. పోయినాయన బ్యాంక్ పాస్‌బుక్ తీసుకెళ్ళి ఎంట్రీలు వేయించండి, ఎన్ని బ్యాంకుల్లో ఖాతాలుంటే అన్నిట్లోనూ. కూర్చుని ఒక్కో లైను చూడండి, మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయిన లైన్లు ఉన్నాయేమో చూడండి. 436 అంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 అంటే సురక్ష బీమా. రెండూ 2015 నుంచి ఉన్నాయి. ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకోళ్ళు ఫారం మీద సంతకం పెట్టించుకుని ఉంటారు, ఆయన ఇంట్లో చెప్పి ఉండరు, ఆ లైను ఎవరూ చూడరు, 2 లక్షలు అలాగే ఉండిపోతాయి. నాకు గుండె తరుక్కుపోయేది దీని దగ్గరే.

జీవన్ జ్యోతిలో 18 నుంచి 50 ఏళ్ళ మధ్య చేరొచ్చు, 55 దాకా కొనసాగుతుంది, జబ్బు చేసి పోయినా సరే నామినీకి 2 లక్షలు వస్తాయి, కాకపోతే కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో పోతే యాక్సిడెంట్ అయితేనే ఇస్తారు. క్లెయిమ్ ఎక్కడ చేయాలంటే ఆ డబ్బులు కట్ అయిన బ్రాంచిలోనే, ఇన్సూరెన్స్ కంపెనీ చుట్టూ మీరు తిరగక్కర్లేదు. క్లెయిమ్ ఫారం, డెత్ సర్టిఫికెట్, నామినీ ఆధార్, నామినీ పాస్‌బుక్ జిరాక్స్ ఇస్తే చాలు. 30 రోజుల్లోపు ఇస్తే మంచిది. రెండు మూడు బ్యాంకుల్లో కట్ అయినా వచ్చేది ఒక్క 2 లక్షలే, అది గుర్తుపెట్టుకోండి.

సురక్ష బీమా మాత్రం యాక్సిడెంట్ కే, 70 ఏళ్ళ దాకా. ఇక్కడ ఒక మాట చాలా గట్టిగా చెప్పాలి. కరెంట్ షాక్ కొట్టో, బావిలో పడో, బండి మీద నుంచి పడో మనిషి పోయినప్పుడు కేసులెందుకు, కోయడమెందుకు అని పోస్ట్‌మార్టం లేకుండా ఇంటికి తెచ్చేసి అంత్యక్రియలు చేసేస్తారు. ఆ బాధలో ఎవర్నీ తప్పు పట్టలేం, కానీ ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్ట్ లేకపోతే తర్వాత యాక్సిడెంట్ అని నిరూపించడం చాలా కష్టం. పాము కాటుకి, చెట్టు మీద నుంచి పడ్డదానికి అయితే వెంటనే హాస్పిటల్ కి తీసుకెళ్ళిన రికార్డు ముఖ్యం, ఆ ఓపీ చీటీ కూడా పారేయొద్దు. ఆ టైమ్ లో పక్కనున్నవాళ్ళలో ఒక్కరైనా నిబ్బరంగా ఉండి ఇది చూసుకోవాలి. గుద్దేసి ఆగకుండా పోయిన బండి అయితే హిట్ అండ్ రన్ కింద ఇంకో 2 లక్షలు వేరేగా వస్తాయి, 2022 ఏప్రిల్ నుంచి ఈ మొత్తం ఇస్తున్నారు, దానికి ఆర్డీఓ లేదా తహసీల్దార్ దగ్గర అప్లై చేయాలి, ఇక్కడ కూడా ఎఫ్ఐఆర్ కాపీ కావాలి.

ఖాతాలో ఉన్న డబ్బు సంగతి. నామినీ పేరు ఉంటే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మని బ్యాంకు పట్టుబట్టకూడదు, ఇది రిజర్వ్ బ్యాంక్ రూలు. తెమ్మంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. అవ్వకపోతే 14448 కి ఫోన్ చేసి కంప్లైంట్ ఎలా పెట్టాలో అడగండి. ఏటీఎం పిన్ తెలుసు కదా అని తర్వాత తర్వాత డబ్బు తీయడం మాత్రం వద్దు, వారసుల మధ్య గొడవలొస్తాయి.

ఆయన కంపెనీలోనో, కాంట్రాక్ట్ కింద సెక్యూరిటీ, శానిటేషన్ పనిలోనో ఉంటే పే స్లిప్ చూడండి, పీఎఫ్ కట్ అవుతుంటే మూడు అడగాలి. చాలామంది పీఎఫ్ డబ్బు ఒక్కటే తీసుకుని వచ్చేస్తారు. అది ఫారం 20. భార్యకి నెలనెలా పెన్షన్ ఫారం 10డి, ఉద్యోగంలో ఉండగా పోతే ఆమె పెన్షన్ కి ఒక్క నెల కట్టినా చాలు, కనీసం నెలకి 1,000 వస్తుంది, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్ళ దాకా వేరేగా వస్తుంది. మూడోది ఈడీఎల్ఐ అనే ఇన్సూరెన్స్, ఫారం 5ఐఎఫ్, ఇది గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉంటుంది. ఇదే అందరూ వదిలేసేది.

తెలంగాణలో పట్టాదారు పాస్‌బుక్ ఉన్న రైతు అయితే, 18 నుంచి 59 ఏళ్ళ మధ్యలో రైతు బీమాలో నమోదై ఉంటే, ఏ కారణంతో పోయినా 5 లక్షలు. మీ ఊరి ఏఈఓకి (వ్యవసాయ విస్తరణ అధికారి) వెంటనే కబురు పెట్టండి, పేపర్లు ఆయనకే ఇవ్వాలి. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్న ఇల్లయితే, పోయిన మనిషి 18-59 మధ్య ఉంటే, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 ఇస్తారు, ఎమ్మార్వో ఆఫీస్ లో అడగండి. మేస్త్రీ పనికో సెంట్రింగ్ పనికో వెళ్ళేవాళ్ళకి లేబర్ కార్డు ఉంటే లేబర్ ఆఫీస్ లో కూడా అడగాలి.

వితంతు పెన్షన్ ఆంధ్రాలో నెలకి 4,000, తెలంగాణలో 2,016. ఆంధ్రాలో భర్త అప్పటికే పెన్షన్ తీసుకుంటూ పోయి ఉంటే కొత్త పెన్షన్లు ఎప్పుడు తెరుస్తారా అని చూడక్కర్లేదు, భార్య పేరు మీదకి మార్చే దారి ఉంది, డెత్ సర్టిఫికెట్ పట్టుకుని మీ ఊరి లేదా వార్డు సచివాలయానికి వెళ్ళండి.

వీటిల్లో దేనికీ కమీషన్ ఇవ్వాల్సిన పనిలేదు. సగం ఇస్తే పని చేయిస్తా అని వచ్చేవాడికి ఆధార్ ఇవ్వొద్దు, వేలిముద్ర అసలే వేయొద్దు, ఓటీపీ చెప్పొద్దు. ఏ ఆఫీస్ లో కాగితం ఇచ్చినా ఇంకో కాపీ మీద తేదీతో స్టాంప్ కొట్టించుకోండి, అది లేకపోతే నెల తర్వాత మీరు అసలు ఇవ్వనేలేదంటారు. తిప్పుతున్నారనిపిస్తే సోమవారం కలెక్టర్ ఆఫీస్ లో అర్జీ పెట్టండి, రెండు రాష్ట్రాల్లోనూ తీసుకుంటారు, దానికిచ్చే నంబరు దాచుకోండి.

పిల్లలున్న ఇంటికి ఇంకొకటి ఉంది, ఇది చాలామందికి తెలీదు. తండ్రి పోయి తల్లి ఒక్కతే పెంచుతుంటే మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఉంది, పల్లెలో ఏడాది ఆదాయం 72,000, టౌన్ లో 96,000 దాటకూడదు. అంగన్‌వాడీ టీచర్ ని అడిగితే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఎలా వెళ్ళాలో చెప్తుంది. పిల్లల స్టడీ సర్టిఫికెట్, తల్లి ఆదాయం సర్టిఫికెట్, తండ్రి డెత్ సర్టిఫికెట్, తల్లీబిడ్డల ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్స్ లు ఒక కవర్లో పెట్టి తీసుకెళ్ళండి, మళ్ళీ మళ్ళీ తిరగకుండా.