గాలి పలచబడే రోజుల్లో కాటమరాన్: బెజవాడ వాళ్లకి జాగ్రత్తలు

వరద తగ్గి చలి మొదలయ్యాక, ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ పొద్దున్నే అద్దంలా ఉంటుంది. గాలే లేదు, భయమేముంది అనుకుంటారు. కానీ కాటమరాన్ అంటే జంట పడవల్ని కలిపినట్టుండే తెరచాప పడవ. అది ముందుకు కదిలితేనే చుక్కాని పనిచేస్తుంది. కదలిక ఆగిందా, నీరు ఎటు లాగితే అటే పోతాం. గేట్లు ఎత్తి ఉంటే అది బ్యారేజీ వైపే లాగుతుంది. అందుకే పలచని గాలికి, అంటే బలం లేని గాలికి, పడవని సిద్ధం చేయడం వేగం కోసమే కాదు, ఒడ్డుకి తిరిగి రావడం కోసం.

మాస్ట్‌తో, అంటే తెరచాపని నిలిపే స్తంభంతో, మొదలుపెట్టండి. మంచి గాలిలో అది దానంతటదే తిరుగుతుంది. పలచని గాలికి ఆ సత్తువ లేదు. అడుగున మాస్ట్ కూర్చునే చోట నాలుగు ఇసుక రేణువులు ఇరుక్కున్నా మొరాయిస్తుంది. ముందురోజే కడిగి, చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. నీళ్లమీద పడవ దిశ మార్చిన ప్రతిసారీ చేత్తో తోసి తిప్పండి. సరిగా తిరిగిందో లేదో తెలియాలంటే, గాలి తగలని వైపున మాస్ట్ మీద అరచేయి పెట్టి తెరచాప మీదకి జార్చండి. నున్నగా జారాలి. మధ్యలో మెట్టులా తగిలితే గాలి అక్కడే విడిపోతోందన్నమాట.

తెరచాపలోని బద్దలు మరీ బిగువుగా ఉంటే, మలుపు తిరిగాక పాత వైపే వంగి ఉండిపోతాయి. కాస్త వదులు చేసి, బూమ్‌ని, అంటే తెరచాప అడుగు అంచున ఉండే అడ్డకర్రని, ఒక్క కుదుపు కుదపండి. తెరచాపని కిందికి లాగే తాడు కూడా మాస్ట్ పక్కన సన్నని అడ్డ ముడతలు కనిపించేదాకా వదలండి.

పడవ కదలకపోతే ఎవరికైనా షీట్, అంటే తెరచాపని లోపలికి లాగే తాడు, లాగాలనిపిస్తుంది. నాకూ చాలాకాలం అదే అలవాటు. లాగేకొద్దీ తెరచాప గాలిని ఆపేస్తుంది. వదలండి. అంచున పాత క్యాసెట్ టేపు ముక్క కట్టుకోండి, ఊలు దారం కంటే తేలిక. అది వెనక్కి ఎగురుతుంటే సరిపోయినట్టే. ఇద్దరూ ముందుకి జరిగి, గాలి తగలని వైపు మెల్లగా కూర్చోండి. వెనకభాగం నీళ్లలో ఈడ్చుకురాకూడదు.

ఒడ్డున మాస్ట్ లేపే ముందు తలెత్తి కరెంటు తీగలు చూడండి. అల్యూమినియం మాస్ట్ తగిలితే ప్రాణమే పోతుంది.

గేట్లు ఎత్తిన రోజు దిగవద్దు. మంచు విడిచేదాకా ఒడ్డునే ఉండండి. లైఫ్ జాకెట్, రెండు తెడ్లు, పొడవైన తాడుతో చిన్న లంగరు తప్పనిసరి. వెళ్లేది బ్యారేజీకి దూరంగా, ఎగువకి. గాలి పడిపోతోందనిపిస్తే, ఇంకా కొంచెం ఉండగానే తిప్పేయండి.