స్పై థ్రిల్లర్ ఓపెనింగ్ తీస్తున్నారా? ఎక్కడ తేడా కొడుతుందో, ఎలా సరిచేయాలో

విజువల్ కమ్యూనికేషన్, మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లలకి థ్రిల్లర్ ఓపెనింగ్ తీయడం మంచి కసరత్తు. రెండు నిమిషాల నిడివి, చేతిలో ఫోను, నలుగురు ఫ్రెండ్స్. గూఢచారి కథ అనుకోగానే ముందు బ్లేజరు, నల్ల కళ్ళజోడు, బొమ్మ తుపాకీ సమకూర్చుకుంటారు. అవి ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఏమీ రాదు. ఎడిటింగ్‌లో కూర్చున్నాక బయటపడే తప్పుల్లో చాలావరకు షూటింగ్‌కి ముందు కాగితం మీద తేల్చుకోనివే. అన్నిటికంటే ముఖ్యంగా తేల్చుకోవాల్సింది: ఏ క్షణంలో ఎవరికి ఏం తెలుసు?

చెప్పడానికి వీలుగా ఒక కథ అనుకుందాం. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం. షాపులు మూసి ఉంటాయి, షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఒక పాత డిక్షనరీ అట్టలో మైక్రో ఎస్‌డీ కార్డు దాచి ఉంది. దాన్ని తీసుకోవడానికి ఒకమ్మాయి వస్తుంది. ఆమె చేరేసరికి ఆ డిక్షనరీని ఇంకెవరో చేతిలోకి తీసుకున్నారు. అంతే కథ. తుపాకీ లేదు, పరుగు లేదు.

సమస్య: చూసినవాళ్ళు “బాగుంది కానీ ఏం జరిగిందో అర్థం కాలేదు” అంటున్నారు

కారణం: మిస్టరీ అంటే అన్నీ దాచిపెట్టడం అనుకోవడం. ముఖం కనబడదు, బ్యాగులో ఏముందో తెలియదు, ఎక్కడికి పోతున్నాడో తెలియదు. ఏమీ తెలియని ప్రేక్షకుడికి భయపడటానికి కూడా ఏమీ దొరకదు. ఊరికే చూస్తూ కూర్చుంటాడు.

పరిష్కారం: ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి. ప్రేక్షకుడికి తెలిసింది, హీరోయిన్‌కి తెలిసింది, అవతలివాడికి తెలిసింది. ప్రతి షాట్ తర్వాత మూడు గళ్ళలో ఏది మారిందో రాయండి. ఏ గడిలోనూ ఏమీ మారకపోతే ఆ షాట్ అందం కోసం పెట్టుకున్నదే. అలాంటివి రెండో మూడో చాలు.

మన కథలో మొదటి షాట్ ఇలా పెట్టుకోవచ్చు. ఒక చెయ్యి. బ్లేడుతో డిక్షనరీ వెనక అట్ట లోపలి కాగితాన్ని అంచు వెంట కోస్తుంది. గోరంత కార్డుని లోపలికి తోస్తుంది. వేలితో బంక రాసి, అంచుని బొటనవేలితో రుద్దుతుంది. తర్వాత ఆ పుస్తకం గుట్టలో పైనుంచి మూడోదిగా చేరిపోతుంది. ఇంతా పది సెకన్లు. ఇక ఆ గుట్ట దగ్గరికి ఎవరొచ్చినా ప్రేక్షకుడి కన్ను ఆ మూడో పుస్తకం మీదే ఉంటుంది. అక్కడ తెల్ల చొక్కా పెద్దాయన ఒకాయన వంగి పై రెండు పుస్తకాలూ పక్కన పెట్టాడంటే చాలు, మ్యూజిక్ లేకుండానే టెన్షన్ మొదలవుతుంది.

కార్డులో ఏముంది, ఆమె ఎవరి తరఫున వచ్చింది అనేవి నిక్షేపంగా దాచుకోండి. ఏం జరుగుతోందో తెలియాలి, ఎందుకో తెలియక్కర్లేదు. పరీక్ష కావాలంటే రఫ్ కట్‌ని, అంటే షాట్లని వరసగా పేర్చిన మొదటి ఎడిట్‌ని, సౌండ్ ఆపేసి, షూటింగ్‌తో సంబంధం లేని ఒకరికి చూపించండి. “ఎవరికి ఏం కావాలి? అడ్డం ఎవరు?” అని అడగండి. ఈ రెండింటికీ జవాబు వస్తే కథ నిలబడినట్టే.

సమస్య: ఓపెనింగ్ కాస్తా ట్రైలర్‌లా తయారైంది

కారణం: రెండు నిమిషాల్లో ఏజెంటు గతం, మిషన్, విలన్, ఛేజింగ్, ట్విస్టు అన్నీ పెట్టాలనుకోవడం.

పరిష్కారం: ఒకే చోటు, ఒకే వేళ, ఒకే పని. స్క్రిప్టు ఒక పేజీకి సుమారు ఒక నిమిషం లెక్క వేసుకుంటారు కాబట్టి రెండు పేజీలు దాటితే కోయండి. షాట్‌కి మూడు నాలుగు సెకన్లు అనుకున్నా ముప్ఫై నలభై షాట్లు అవుతాయి. విద్యార్థుల టీముకి అది ఒక రోజు నిండా పని. ఓపెనింగ్ ముగిసేసరికి ఒక ప్రశ్న మిగలాలి కానీ కథ ముగిసిపోకూడదు.

సమస్య: అన్నీ ఉన్నాయి, టెన్షన్ మాత్రం లేదు

కారణం చాలాసార్లు టైమే. కట్స్ వేగంగా వేస్తే టెన్షన్ వస్తుందనుకుంటారు. నిజానికి ఆలస్యం వల్ల టెన్షన్ వస్తుంది. అయిపోవాల్సిన పని అవ్వకుండా సాగాలి.

మన పెద్దాయన డిక్షనరీ పట్టుకుని బేరం మొదలుపెడతాడు. “ఎంతయ్యా ఇది?” “రెండొందలు సార్.” “వంద తీసుకో.” “గిట్టదు సార్.” పక్కనే పాత మ్యాగజైన్లు తిరగేస్తున్నట్టు నటిస్తున్న అమ్మాయికి ఆ “గిట్టదు” అన్న మాట ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. ఆయన పుస్తకం కింద పెడతాడు. ఆమె చెయ్యి కదలబోతుంది. ఆయన మళ్ళీ తీస్తాడు. “సరే, నూట యాభై.” ఈ బేరాన్ని కత్తిరించకండి. నలభై సెకన్లు పోనివ్వండి. ఆమె ముఖం మీద కెమెరాని ఎక్కువసేపు నిలపొద్దు. మ్యాగజైన్ అంచు మీద వేళ్ళు బిగుసుకోవడం క్లోజప్‌లో చూపిస్తే సరి.

పెద్దాయన విలనా, మామూలు కొనుగోలుదారా? అది తేల్చకుండా వదిలేయొచ్చు. నన్నడిగితే వదిలేయడమే మేలు.

సమస్య: ఎవరు ఎటు వెళ్తున్నారో, ఎవరు ఎవర్ని చూస్తున్నారో తికమకగా ఉంది

ఇది వెంబడించే సీన్లలో ఎక్కువ. ఒక షాట్‌లో అమ్మాయి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, తర్వాతి షాట్‌లో ఆమె వెనక వస్తున్నవాడు కుడి నుంచి ఎడమకి. చూసేవాళ్ళకి ఇద్దరూ ఎదురెదురుగా వస్తున్నట్టే ఉంటుంది.

కారణం: నూట ఎనభై డిగ్రీల గీత దాటడం. ఇద్దరి మధ్య, లేదా నడిచే దారి వెంట, ఒక గీత ఉందనుకోండి. కెమెరా ఎప్పుడూ దానికి ఒకే పక్కన ఉండాలి.

పరిష్కారం: లొకేషన్‌కి ఒకరోజు ముందే వెళ్ళి పైనుంచి చూసినట్టు మ్యాపు గీయండి. వ్యాపారి ఎక్కడ, గుట్ట ఎక్కడ, ఆమె ఎటు నుంచి వస్తుంది, గీత ఏది. కెమెరా పెట్టే చోట్లకి అంకెలు వేయండి. షూటింగ్ రోజు “ఇక్కడ్నుంచి యాంగిల్ అదిరిపోతుంది” అని ఎవరో ఒకరు రోడ్డు అవతలికి పరిగెడతారు; వాళ్ళని ఆపేది ఆ మ్యాపే. గీత దాటక తప్పదంటే మధ్యలో ఆమె కెమెరాకి ఎదురుగా నడిచొచ్చే షాట్ ఒకటి పెట్టండి, లేదా దాటుతున్నట్టు కెమెరా కదలికే చూపించండి. అప్పటికే తీసేసి ఉంటే షాట్‌ని అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తిప్పేసే ఉపాయం ఉంది కానీ, వెనక షాపుల బోర్డులు తిరగబడి కనిపిస్తే దొరికిపోతారు.

చూపుల షాట్లకీ ఇదే వర్తిస్తుంది. ఆమె కుడివైపు చూస్తే, ఆమెని చూస్తున్నవాడు ఎడమవైపు చూడాలి.

సమస్య: షూటింగ్ మధ్యలో ఎవరో వచ్చి ఆపేశారు

బొమ్మ తుపాకీ పట్టుకుని వీధిలో పరిగెత్తితే జనం పోలీసులకి ఫోన్ చేస్తారు. చేయాలి కూడా. దూరం నుంచి చూసేవాళ్ళకి అది బొమ్మో కాదో తెలియదు, మీ కెమెరా వాళ్ళకి కనబడదు. తుపాకీ సీనుంటే నాలుగు గోడల మధ్యనో, కాలేజీ ఆవరణలో రాతపూర్వక అనుమతితోనో తీయండి, సెక్యూరిటీ వాళ్ళకి ముందే చెప్పండి. గుంపులో దిక్కులేని బ్యాగు వదిలేసి వెళ్ళే సీను అసలే వద్దు. అది స్పై సినిమాల్లో ఎంత పాతదైనా, బాంబు పేలుళ్ళు చూసిన హైదరాబాద్‌లో ఎవరికీ సరదాగా ఉండదు.

రైల్వే స్టేషన్లు, మెట్రో స్టేషన్లలో అనుమతి లేకుండా షూటింగ్ కుదరదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు పొడవాటి గోడలు, ముళ్ళతీగలు చూసి మోజుపడకండి. అక్కడ సైన్యం స్థలాలుంటాయి, గూఢచారి సినిమా తీస్తూ నిజంగానే అనుమానితులవుతారు. డ్రోన్ ఎగరేయాలనుకుంటే 2021 డ్రోన్ నిబంధనలు చూడండి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దేన్నీ ఎగరేయకూడదు. ఏది ఏ జోనో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో తెలుస్తుంది. ఇన్ని చూసుకున్నాక కూడా మేడ మీద నుంచి తీసిన షాటే చాలాసార్లు సరిపోతుంది.

ఫుట్‌పాత్ వ్యాపారిని అడక్కుండా తీయడం మాత్రం మర్యాద కాదు. “అన్నా, పొద్దున్నే ఓ గంట తీసుకుంటాం” అని ముందు వారమే వెళ్ళి అడగండి, నాలుగు పుస్తకాలు కొనండి. ఆయన ఒప్పుకుంటే వ్యాపారి పాత్రకి ఆయన్ని మించిన నటుడు దొరకడు.

సమస్య: దారిన పోయేవాళ్ళంతా కెమెరా వైపే చూస్తున్నారు

కారణం: ట్రైపాడ్, రిఫ్లెక్టరు, “యాక్షన్” అని కేకలు.

ఫోనుని ఛాతీ దగ్గర పట్టుకుని మెసేజ్ చదువుతున్నట్టు తీయండి, లేదా రోడ్డు అవతల నుంచి టెలీ లెన్సులో. డిజిటల్ జూమ్ వద్దు, ముద్దముద్దగా వస్తుంది. యాక్షన్‌కి బదులు తల గోక్కోవడం లాంటి సైగ పెట్టుకోండి. నటుల వెనక, ఫ్రేము అంచుల్లో మీ ఫ్రెండ్స్‌నే నిలబెడితే కొత్తవాళ్ళు పడే చోటు తగ్గుతుంది. పుస్తకాలు పరిచే వేళకే వెళ్తే జనం పలచగా ఉంటారు, వెలుతురూ మెత్తగా ఉంటుంది.

సమస్య: రాత్రి సీన్లో బొమ్మంతా గింజలు గింజలుగా ఉంది

కారణం: వెలుతురు చాలక ఫోను ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందించే స్థాయి) పెంచేసింది.

రాత్రి సీనుని రాత్రే తీయక్కర్లేదు. సూర్యుడు మునిగాక ఇరవై నిమిషాల పాటు ఆకాశం నీలంగా ఉంటుంది, వీధి దీపాలు వెలిగి ఉంటాయి. బయటి షాట్లు ఆ వేళకి దాచిపెట్టుకోండి. రిహార్సల్ అంతా అంతకుముందే అయిపోవాలి, ఎందుకంటే రెండు మూడు షాట్లకి మించి టైముండదు. పట్టపగలే రాత్రిలా తీయాలంటే ఎండ నటుల వెనక నుంచి పడేలా నిలబెట్టండి, ఆకాశం ఫ్రేములోకి రానివ్వకండి, ఎక్స్‌పోజర్ రెండు స్టాపుల దాకా (అంటే వెలుతురు నాలుగో వంతుకి) తగ్గించండి, వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ దగ్గర పెట్టండి.

ఇంట్లో తీసిన షాట్లలో నల్ల చారలు పాకుతున్నాయా? మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి వంద సార్లు మినుకుతాయి. షటర్ 1/50 లేదా 1/100 పెట్టి, వీలైతే సెకనుకి 25 ఫ్రేముల్లో తీయండి. చారలు పోతాయి. తీసేశాక పోగొట్టడం కష్టం.

షాట్ మధ్యలో వెలుగు హెచ్చుతగ్గులవుతుంటే ఆటో ఎక్స్‌పోజర్ చేసే పని అది. స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి లాక్ చేయండి.

సమస్య: గుసగుసలు వినబడట్లేదు, ఆటో హారన్లు మాత్రం బ్రహ్మాండంగా వినబడుతున్నాయి

కారణం: కెమెరా ఫోను మైకు మీదే ఆధారపడటం. మాట్లాడే మనిషి రెండు మీటర్ల దూరంలో ఉంటే రోడ్డుదే పైచేయి.

పరిష్కారం: ఇంకో ఫోనుని రికార్డరుగా మార్చి, కాలర్ మైకు తగిలించి నటుడి చొక్కా లోపల పెట్టండి. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. షాట్ మొదట్లో గట్టిగా ఒక చప్పట్లు కొడితే తర్వాత రెండు సౌండ్లూ కలపడం సులువు. గుసగుస అంటే ఊపిరి ఊదడం కాదని నటులకి చెప్పండి. గొంతు తగ్గించి, మాట స్పష్టంగా పలకాలి. లొకేషన్ వదిలే ముందు అందరూ నోరు మూసుకుని ముప్ఫై సెకన్ల ఉత్త వాతావరణం రికార్డు చేసుకోండి, కట్స్ మధ్య అతుకులు కప్పుకోవడానికి. అప్పటికీ కుదరకపోతే డబ్బింగే గతి. తెలుగు సినిమాకి అదేం కొత్త కాదు: దుప్పట్లు వేలాడదీసిన గదిలో, ఫ్యాను ఆపి, పెదవులు చూస్తూ చెప్పించండి.

మాట మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోను పెదవులకీ మాటకీ తేడా వస్తోందంటే ఫోను వేరియబుల్ ఫ్రేమ్ రేటులో, అంటే సెకనుకి ఫ్రేముల లెక్క ఒకేలా ఉంచకుండా, తీసిందన్నమాట. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేటుకి మార్చి, తర్వాతే ఎడిటింగ్‌లోకి తీసుకోండి.

సమస్య: వీడియో పెట్టగానే కాపీరైట్ క్లెయిము వచ్చింది

పేరున్న సినిమా బీజీఎం వాడితే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితమైనవి ఉన్నాయి, కాలేజీలో తబలానో కీబోర్డో వాయించేవాళ్ళూ ఉంటారు. ఒక్క మాట: బేరం సీన్ కింద మ్యూజిక్ వేయకండి. ఆ చోట నోట్లు లెక్కపెట్టే చప్పుడే మ్యూజిక్.

సమస్య: తెలుగు టైటిల్స్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి

కారణం: ఆ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టెక్స్ట్ ఇంజన్‌కి భారతీయ లిపుల కూర్పు తెలియదు. ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేసినదైతే అసలు యూనికోడే కాదు కాబట్టి, ఫాంటు మారగానే పిచ్చి గీతలవుతుంది.

ప్రీమియర్ ప్రోలో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌కి వెళ్ళి, టెక్స్ట్ ఇంజన్‌ని దక్షిణాసియా, మధ్యప్రాచ్య భాషలదానికి మార్చండి. మిగతా వాటిలో కుస్తీ పడకుండా, ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంటుతో టైటిల్ తయారుచేసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా సేవ్ చేసి బొమ్మలా అతికించండి. పేర్లు తెరమీద రెండు మూడు సెకన్లు నిలవాలి. డిక్షనరీ గుట్ట కనబడే మూల మీద మాత్రం వేయకండి, ప్రేక్షకుడు చూస్తున్నది అటే.