వైకల్య బీమా తిరస్కరణపై అప్పీలు: కోర్టు చూసే ఫైలు ఇక్కడే తయారవుతుంది

అమెరికాలో ఉద్యోగం చేసే ప్రైవేటు కంపెనీ ద్వారా వచ్చే లాంగ్ టర్మ్ డిజెబిలిటీ (దీర్ఘకాల వైకల్య బీమా) క్లెయిమును బీమా సంస్థ తిరస్కరించినప్పుడు, మనవాళ్లలో కొందరు ఒక పేజీ అప్పీలు పంపి, అసలు ఆధారాలను కోర్టు కోసం దాచుకుంటారు. ఆ కాగితాలను తర్వాత చాలా సందర్భాల్లో జడ్జి చూడరు. సొంతంగా కొనుక్కున్న పాలసీలనూ ప్రభుత్వోద్యోగుల పథకాలనూ పక్కన పెడితే, ఇటువంటి బీమాకు సాధారణంగా ఉద్యోగుల ప్రయోజన పథకాలకు సంబంధించిన 1974 నాటి ఎరిసా చట్టం వర్తిస్తుంది.

తిరస్కరణ లేఖ అందిన నాటి నుంచి అప్పీలుకు కనీసం 180 రోజుల గడువు ఉంటుంది. లేఖలో ఇచ్చిన చిరునామాకు, అందినట్టు రుజువు మిగిలేలా పంపాలి. ఇందుకు బీమా సంస్థ రుసుము అడగకూడదు.

అయితే అప్పీలు రాయడానికి ముందే క్లెయిం ఫైలు మొత్తం ఇవ్వమని లిఖితపూర్వకంగా కోరాలి. దాన్ని ఉచితంగా ఇవ్వాల్సిందే. మిమ్మల్ని చూడకుండానే అభిప్రాయం రాసిన బీమా సంస్థ డాక్టరు ఏ కాగితాన్ని వదిలేశారో అందులోనే తెలుస్తుంది. ఫైలు తెప్పించకుండానే నమూనా ఉత్తరం నింపి డబ్బు తీసుకునే మధ్యవర్తులు ఈ మెట్టునే దాటేస్తారు.

అప్పీలు కూడా తిరస్కరించాక కోర్టుకు వెళ్తే, అక్కడ జ్యూరీ ఉండదు. నిర్ణయాధికారాన్ని పాలసీ బీమా సంస్థకే అప్పగించి ఉంటే, ఆ నిర్ణయం సహేతుకమా కాదా అన్నదాన్ని జడ్జి సాధారణంగా ఆ ఫైలును బట్టే తేలుస్తారు. చెల్లించాల్సిన సంస్థే అర్హతను నిర్ణయించడం స్వప్రయోజన వైరుధ్యమని 2008లో సుప్రీంకోర్టు గుర్తించింది కనుక, ఆ అంశం వరకు కొన్ని కోర్టులు పరిమితంగా ఆధారాల సేకరణకు అనుమతిస్తాయి. దాని మీదే ఆశ పెట్టుకోవడం క్షేమం కాదు.

ఎక్కువమంది తడబడేది డాక్టరు లేఖ దగ్గర. చికిత్స చేసే డాక్టరు మాటకు ప్రత్యేక ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదని 2003లోనే సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కాబట్టి, రోగం పేరుతో పాటు "పని చేయలేరు" అన్న ఒక్క వాక్యం రాయిస్తే చాలదు. ఎంతసేపు కూర్చోగలరు, ఎన్ని నిమిషాలు టైపు చేయగలరు, నెలకు ఎన్ని రోజులు మంచం పట్టాల్సి వస్తుంది, ఏ పరీక్ష వల్ల అలా చెబుతున్నారు అన్నవి రాయించాలి. ఉద్యోగ విధుల వివరాలు, ఇంట్లోవారి వాంగ్మూలం, హైదరాబాదులోనో విజయవాడలోనో చికిత్స జరిగి ఉంటే ఆ డిశ్చార్జి పత్రాలు కూడా చేర్చాలి.

2018 ఏప్రిల్ 1 తర్వాత దాఖలైన వైకల్య క్లెయిముల్లో, అప్పీలు నడుస్తుండగా బీమా సంస్థ కొత్త వైద్యాభిప్రాయం తెప్పిస్తే, దాని ఆధారంగా తిరస్కరించే ముందు మీకు పంపాలి. ఆ కవరును పక్కన పడేయకుండా మీ డాక్టరుకు చూపించి, జవాబు రాయించి, తుది నిర్ణయం వెలువడేలోపే ఫైలుకు చేర్చండి.