ఉపాధ్యాయ శిక్షణ డిగ్రీకి అప్పు చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఉపాధ్యాయ శిక్షణ కోర్సులో సీటు ఖాయమైన రోజుకూ, ఫీజు కట్టవలసిన ఆఖరు తేదీకీ మధ్య వ్యవధి చాలా తక్కువగా ఉంటుంది. ఆ కొద్ది రోజుల హడావిడిలోనే అప్పు పత్రాల మీద సంతకాలు జరిగిపోతాయి. సీటు చేజారిపోతుందన్న భయంలో ఉన్నవారికి వడ్డీ షరతులు చదివే ఓపిక ఉండదు. అందుకే ఈ లెక్కలన్నీ ప్రవేశ పరీక్షకు ముందే, మనసు నిలకడగా ఉన్నప్పుడే వేసుకోవాలి. ఈ వృత్తిలోకి రావద్దని నేను ఎవరికీ చెప్పను. అప్పు భారంతో మొదటి రెండేళ్లలోనే బడి వదిలి వెళ్లిపోయే పరిస్థితి మాత్రం ఎవరికీ రాకూడదని కోరుకుంటాను.

అన్నిటికంటే ముందు చూడవలసింది జీతం. కళాశాలలు చెప్పే సగటు జీతాన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు. సగటులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారి జీతాలు కలిసి ఉండవచ్చు, పెద్ద జీతం వచ్చే ఇద్దరు ముగ్గురి వల్ల అంకె పైకి లేచి ఉండవచ్చు. చదువు పూర్తి చేసినవారిని జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే వ్యక్తికి ఎంత వస్తోందో, అదీ చేరిన మొదటి ఏడాదిలో ఎంత వస్తోందో అడగాలి. ఉపాధ్యాయుల జీతం సాధారణంగా ఏటేటా ఇంక్రిమెంట్ల మెట్ల మీదుగా నిదానంగా పెరుగుతుందే తప్ప ఒక్కసారిగా రెట్టింపు కాదు. వాయిదాలు మాత్రం మొదటి మెట్టు మీద ఉండగానే మొదలవుతాయి. కాబట్టి వాయిదాను పోల్చి చూడవలసింది మీకు రాగల అతి తక్కువ జీతంతో, అదీ కోతలన్నీ పోగా చేతికొచ్చే మొత్తంతో. కోరుకున్న ప్రభుత్వ ఉద్యోగం వెంటనే రాకపోతే చేరవలసి వచ్చే చిన్న ప్రైవేటు బడి ఎంత ఇస్తుందో, వేసవి సెలవుల్లో జీతం ఇస్తుందో లేదో అక్కడ పనిచేసేవారినే అడిగి తెలుసుకోవాలి. ఏడాదికి పది నెలలే జీతం వచ్చే చోట పన్నెండు వాయిదాలు కట్టవలసి వస్తే, ఆ రెండు నెలల డబ్బు ముందుగానే పక్కన పెట్టుకోవాలి.

ప్రభుత్వాలు ప్రకటించే అంకెలను కూడా అవి ఎవరిని లెక్కించాయో చూసి చదవాలి. అమెరికా విద్యాశాఖ 2015 నుంచి కాలేజ్ స్కోర్‌కార్డ్ పేరుతో కళాశాలల వారీగా సంపాదన, అప్పుల వివరాలు వెల్లడిస్తోంది. చాలా ఉపయోగకరమైన పని అది. అయితే అందులోని సంపాదన వివరాలు సమాఖ్య ప్రభుత్వ ఆర్థిక సహాయం తీసుకున్న విద్యార్థులకు సంబంధించినవి. విద్యార్థి అప్పు కింద చూపే మధ్యస్థ అంకెలో, అంటే వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్నవారి అప్పులో, ప్రైవేటు అప్పులు ఉండవు, తల్లిదండ్రులు తమ పేరున తీసుకున్న అప్పులూ ఉండవు. ఇంటి మీద పడే మొత్తం బరువు ఆ అంకె కంటే ఎక్కువే కావచ్చు.

ఇక వడ్డీ సంగతి కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఏ దేశపు డబ్బైనా సరే, 1,00,000 అప్పు, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుందాం. రెండేళ్ల చదువు, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఒక ఏడాది, మొత్తం మూడేళ్లు వాయిదాలు కట్టనక్కర్లేదని పత్రంలో రాసి ఉంటుంది. ఆ మాట చదివి వడ్డీ కూడా ఆగిందనుకునేవారు చాలామంది. వడ్డీని ప్రభుత్వం భరించే పథకమైతే తప్ప అది ఆగదు. బారువడ్డీ అయినా మూడేళ్లలో అప్పు 1,30,000 అవుతుంది. ఏటా అసలులో కలిపే చక్రవడ్డీ అయితే 1,33,100 అవుతుంది. 1,30,000ను పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 1,718 కట్టాలి. మొదటి రసీదు చేతికి వచ్చినప్పుడు దాన్ని శ్రద్ధగా చూడండి. ఆ 1,718లో వడ్డీకి పోయేది 1,083, అసలు తగ్గేది 635 మాత్రమే. పదేళ్లు ముగిసేసరికి కట్టినది దాదాపు 2,06,000 అవుతుంది. వాయిదా బరువుగా ఉందని గడువును పదిహేనేళ్లకు పెంచుకుంటే నెలకు 321 తగ్గి 1,397 అవుతుంది గాని, మొత్తం చెల్లింపు 2,51,000 దాటుతుంది. అదే మూడేళ్ల విరామంలో నెలనెలా వడ్డీ వరకు, అంటే 833 చొప్పున కట్టుకుంటూ వస్తే, అసలు లక్ష దగ్గరే నిలిచి, పదేళ్ల చివరికి కట్టిన మొత్తం సుమారు 1,88,600 అవుతుంది. ట్యూషన్లు చెప్పుకునో, ఇంటివారి సాయంతోనో ఆ వడ్డీ కట్టగలిగితే తప్పక కట్టండి. విరామంలో ఆర్థికంగా ఇంతకంటే మంచి పని మరొకటి నాకు తోచదు.

అన్ని అప్పులూ ఒక తీరువి కావు. ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఉన్న పద్ధతిలో ఆదాయం నిర్ణీత పరిమితి దాటితేనే విద్యార్థి తిరిగి చెల్లించడం మొదలవుతుంది. ఇంగ్లండులోనూ చెల్లింపు ఆదాయానికి ముడిపడి ఉంటుంది. అటువంటి అప్పు జీతం లేని నెలలో మనిషిని పీడించదు. జీతంతో సంబంధం లేకుండా నెల తిరగగానే వాయిదా కోరే బ్యాంకు అప్పు అలా కాదు. మీరు తీసుకునేది రెండో రకమైతే, ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు చేతిలో లేనిదే సంతకం చేయకపోవడం మంచిది.

బోధనాభ్యాసం కాలాన్ని చాలామంది ఖర్చుల్లో లెక్కించరు. ఆ వారాల్లో శిక్షణార్థి పగలంతా బడిలో పాఠం చెప్పి, రాత్రి పాఠ్యపథకాలు రాసి, చార్టులు గీసి, రికార్డులు పూర్తి చేయాలి. అప్పటివరకు చేస్తున్న చిన్నపాటి ఉద్యోగం సాగదు, రాకపోకల ఖర్చు మాత్రం పెరుగుతుంది. నాతో శిక్షణలో ఉన్న ఒకావిడ సాయంత్రం కొట్టులో లెక్కలు రాసి ఫీజు కట్టుకునేది. బోధనాభ్యాసానికి కేటాయించిన బడి దూరం కావడంతో ఆ పని పోయింది, చివరి సెమిస్టరులో చదువూ ఆగింది. డిగ్రీ లేదు, అప్పు ఉంది. గోధుమరంగు అట్టలు వేసుకున్న ఆమె రికార్డు పుస్తకాలు చివరి పాఠం దగ్గర ఖాళీగా ఉండిపోవడం నేను మరచిపోలేదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ ఇబ్బందిని గుర్తించి, 2025 జులై 1 నుంచి అర్హులైన ఉపాధ్యాయ విద్యార్థులకు ఈ కాలంలో భృతి ఇస్తోంది. అటువంటి ఏర్పాటు లేని చోట ఆ నెలల ఖర్చును మొదటి రోజునే విడిగా దాచి ఉంచాలి, దాన్ని మరి దేనికీ ముట్టుకోకూడదు.

డిగ్రీ ఏ తరగతుల బోధనకు చెల్లుతుందో నియామక నిబంధనల్లోనే చూసుకోవాలి. భారతదేశంలో 2018 జూన్‌లో వచ్చిన నోటిఫికేషన్ బి.ఎడ్. చదివినవారిని ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టులకూ అర్హులను చేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ అర్హత చెల్లదని తీర్పు చెప్పింది. మధ్యలో ఆ పోస్టుల మీద ఆశతో చేరినవారి లెక్కలన్నీ ఒక్కరోజులో తారుమారయ్యాయి. కాబట్టి కళాశాలకు గుర్తింపు ఉందా, డిగ్రీ తర్వాత అర్హత పరీక్ష ఏదైనా రాయాలా, మీ సబ్జెక్టులో ఖాళీలు వస్తున్నాయా అనే మూడూ తెలిసిన తర్వాతే ఎంత అప్పు చేయవచ్చో నిర్ణయించుకోవాలి.

సేవా షరతుతో ఇచ్చే గ్రాంటును ఉచితమనుకోవద్దు. అమెరికాలోని టీచ్ గ్రాంటు తీసుకున్నవారు చదువు ముగిశాక 8 ఏళ్లలోపు 4 ఏళ్ల పాటు పేద విద్యార్థులు ఎక్కువగా ఉన్న బడుల్లో, కొరత ఉన్న సబ్జెక్టులు బోధించాలి. తప్పితే ఆ గ్రాంటు అప్పుగా మారి, డబ్బు ఇచ్చిన తేదీ నుంచే వడ్డీ పడుతుంది. గతంలో, నిజంగా బోధిస్తూ ఉండి కూడా, ఏటా పంపవలసిన ధ్రువపత్రం ఆలస్యమైనందుకు అప్పుల పాలైన ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. 2018 చివర విద్యాశాఖ వారి కేసులను మళ్లీ పరిశీలిస్తామని ప్రకటించాకే వారికి దారి దొరికింది. పంపిన ప్రతి కాగితానికీ నకలు, అందినట్టు రసీదు, తేదీ మీ దగ్గర ఉండాలి.

మొత్తం అప్పు, విరామకాలపు వడ్డీతో సహా, మొదటి ఏడాది జీతాన్ని మించకుండా చూసుకోవాలన్నది నేను పాటించమని చెప్పే హద్దు. మించేటట్టుంటే తక్కువ ఫీజున్న కళాశాలను వెతకడమో, ఒక ఏడాది పనిచేసి కొంత కూడబెట్టి చేరడమో మేలు. సంతకం రోజున హామీ ఉండేవారిని, ఎక్కువగా అది అమ్మో నాన్నో అవుతారు, వెంట తీసుకువెళ్లే ముందు రాత్రి ఆ పత్రాన్ని వారి పక్కన కూర్చుని పేరా పేరా చదివి వినిపించండి. మీరు కట్టలేని నెలలో బ్యాంకు ఎవరిని అడుగుతుందో ఆ పత్రంలో ఎక్కడ రాసి ఉందో, ఆ చోటు వారికి వేలు పెట్టి చూపించండి.